గోతిలో కర్ర

చిమిండైంగ్, యాంగాన్,
ఆదివారం.

నాన్నకి, సుజాత నమస్కారాలు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఈ వానల్లో తడి నేల మీద కూర్చోనివ్వకండి. నానమ్మ రెండు పూటలా తింటోందా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను. హాస్టల్లో వారానికి నాలుగు రోజులు గోంగూర పులుసే. ఎండురొయ్యలు ఎక్కువ, ఉప్పు తక్కువ, అయినా గోంగూర గోంగూరే. తిండికి లోటు లేదు, బాగానే ఉన్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, నా గొంతు కాస్త మారితే చాలు, మీరు "తిన్నావా" అని మాట తిప్పేస్తారు. ఈ సంగతి మీరు చివరిదాకా వినాలి.

వానలు మొదలై ఆరు వారాలు దాటింది. మన ఊళ్లో వాన రబ్బరు తోటల మీద పడి ఇంకిపోతుంది. యాంగాన్‌లో రోడ్డు మీద పడి రోడ్డునే తినేస్తుంది. తారు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. చలికాలం వచ్చి నేల ఆరేదాకా ఎవరూ బాగుచెయ్యరట. అందాకా డ్రైవర్లు ఒకరినొకరు తిట్టుకుంటూ గోతుల మధ్య మెలికలు తిరుగుతుంటారు. మొన్న ఒక టాక్సీ అతను కిటికీ దించి, రోడ్డు మధ్య మడుగుని చూపించి, "నది అవతల దలాకి ఇక్కడే పడవ ఎక్కేయొచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ మింగళాడోన్ వైపు. పొద్దున్నే ఫెర్రీ వస్తుంది. పడవ కాదు, పనివాళ్ళని ఎక్కించుకెళ్ళే బండిని ఇక్కడ అలాగే అంటారు. నడిపేది అప్పన్న మావ. మనవాళ్ళే, వాళ్ళ తాత రేవులో మూటలు మోయడానికి వచ్చాడట. నాకు తెలుగు వచ్చని తెలిసిన రోజు నుంచి ముందు సీటు నాదే.

మా సందు మొదట్లో మోకాలి లోతు గొయ్యి ఉంది. ఎవరో అందులో వెదురుకర్ర పాతి, కొసకి ఎర్ర ప్లాస్టిక్ సంచి కట్టారు. అదెందుకో నాకు తెలియక కాదు. మీ లారీ టాపు మీద ఎప్పుడూ నాలుగు కర్రలుండేవి. గొయ్యి కనబడితే చాలు, బండి ఆపి దిగి పాతేవారు. బడికి ఆలస్యమవుతోందని నేను ఏడిస్తే, "వెనకాల వచ్చేవాడికి ఏం తెలుస్తుందే, పిచ్చిదానా" అనేవారు.

దాదాపు మూడు వారాల కిందట, ఒక మంగళవారం, సందులో పిక్కల దాకా నీళ్ళు. కాలువ మీద మూత ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలియదు. కొత్త చెప్పులు, ఆఫీసుకి కట్టుకునే ఇస్త్రీ లుంగీ. తడుముకుంటూ నడవడానికి కర్ర కావాలి. ఆ కర్రే పీకాను. మెయిన్ రోడ్డు మీద టీకొట్టు గోడకి ఆనించి ఫెర్రీ ఎక్కాను. సాయంత్రం మళ్ళీ పాతేద్దాంలే అనుకున్నాను. సాయంత్రం నీళ్ళ వల్ల బండి మమ్మల్ని అవతలి వీధిలో దింపింది. మరిచిపోయానని రాయబోయాను. నిజం కాదు. అన్నం తింటుంటే గుర్తొచ్చింది. ఈ వానలో మళ్ళీ ఎవరు వెళ్తారని ఊరుకున్నాను.

మర్నాడు వాన ఇంకా గట్టిగా పడుతోంది. ఎప్పుడూ మెయిన్ రోడ్డు మీద ఆగే అప్పన్న మావ, ఆ రోజు నేను తడవకూడదని బండిని సందులోకి తిప్పాడు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. చెయ్యి ఊపేలోపే ముందు చక్రం గోతిలో కూలబడింది. ఇరుసు విరిగింది. మావ పెదవి చిట్లింది. మ ఏ అని, మిషను మీద కుట్టే అమ్మాయి, ఆమె మణికట్టు విరిగింది.

ఫ్యాక్టరీలో డా మో అని, మా మేనేజరు, ఆవిడ మావని అందరి ముందూ నిలబెట్టింది. "కళ్ళు కనబడకపోతే ముందే చెప్పాలి, ఊ అప్పన్న." తిడుతూ కూడా 'ఊ' అనే మర్యాద వదల్లేదు.

"అక్కడ కర్ర ఉండేదండి. మా ఇల్లు అటే. రోజూ దాన్ని చూసే తప్పించుకుంటాను."

ఆవిడ నా వైపు తిరిగింది. ఇక్కడ అందరికీ నేను మ సూనే. "మ సూ, నువ్వు ఆ సందులోనే కదా ఉండేది. కర్ర ఉండేదా?"

"గమనించలేదు" అన్నాను.

మావ నాకేసి చూసి తెలుగులో మెల్లిగా, "బాగా గేపకం సేసుకో అమ్మా" అన్నాడు. నేను కాగితాలు సర్దుకున్నాను.

ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషిని గేటు కాపలాకి వేశారు. కొత్త డ్రైవరు వచ్చినప్పుడల్లా గేటు తీసి పక్కకి నిలబడేవాడు. నేను దిగితే, "తడిసిపోనావా అమ్మా" అని అడిగేవాడు. రోజూ అడిగేవాడు నాన్నా.

పది రోజులకి గేటు దగ్గరే చెప్పేశాను. తిడతాడనుకున్నాను. లేదంటే పోనీలే అంటాడనుకున్నాను.

"మీ నాయిన ఏటి సేస్తాడు?" అన్నాడు.

"లారీ డ్రైవరు."

"డ్రైవరు కూతురివా." చేతిలో తాళం అటూ ఇటూ తిప్పాడు. "నాకు సెప్పీసి ఏటి లాభం? పదిమందిలో సూడనేదన్నావు. ఆ పదిమందిలోనే సెప్పు. ఆల్లందరికీ నాను గుడ్డోణ్ణి."

అప్పటికీ ఆరు రోజులు సాగదీశాను. మొన్న శుక్రవారం టీ వేళ లేచి నిలబడి చెప్పాను. మ ఏ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వింది. డా మో, "చదువుకున్నదానివి" అని ఆగిపోయింది. నా ఉద్యోగం సంగతి నెలాఖరుకి చెబుతారట. మావకి బండి తిరిగి ఇచ్చారు.

నిన్న మెయిన్ రోడ్డు మీదే ఆపాడు. ముందు సీట్లో మ ఏ కూర్చుని ఉంది. నేను వెనకెక్కాను. దిగుతుంటే మావ, "నువ్వు పాతిన కర్ర వాలిపోనాది, సూసినావా" అన్నాడు.

చూశాను. ఇప్పటికి రెండుసార్లు పాతాను. రెండుసార్లూ వాలిపోయింది.

ఈ ఉత్తరం అమ్మకీ నానమ్మకీ మీరే చదివి వినిపించండి, ఏదీ దాచకండి. ఇద్దరికీ నా దండాలు. మీ దీవెన అడగడానికి ఈసారి నాకు మొహం చెల్లడం లేదు. ఒక్కటి మాత్రం రాసి పంపండి. బురదలో కర్ర వాలకుండా మీరు ఎలా పాతేవారు? మొదట్లో రాళ్ళు పేర్చేవారా, ఇసుక సంచి కట్టేవారా? అన్నేళ్ళు లారీలో పక్కనే కూర్చున్నాను. ఇది మాత్రం నిజంగానే గమనించలేదు.

మీ
సుజాత