నమ్మదగిన తాలింఖానా ఏదో సర్కారువారే తేల్చవలెను

గురజాల,
1946 మే నెల, గురువారం.

మహారాజశ్రీ తాసిల్దారు వారి సముఖమునకు, గురజాల కాపురస్తుడును, మిషను బడి టీచరు పున్నమ్మ గారి ఏకైక కుమారుడును, బి.ఏ. (మూడవ తరగతి) ప్యాసైనవాడును, ప్రస్తుతం ఏ ఉద్యోగమునకును భారం కానివాడును అగు జి. యోబు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పట్టణమందలి రెండు కుస్తీ విద్యాలయములలో ఏది నమ్మదగినదో సర్కారువారు విచారించి తీర్మానించుట గురించియు, ఆ తీర్మానం వెలువడు లోపల, వచ్చే ఆదివారం సాయంత్రం పిడుగురాళ్ల సున్నపు బట్టీ మౌలాలీ అను వ్యక్తి నన్ను ఎత్తి నేలను కొట్టకుండ నిలుపుదల ఉత్తర్వు ఇప్పించుట గురించియు.

ముందుగా క్షమాపణ. జమాబందీ, రేషను కార్డులు, కిరసనాయిలు పర్మిట్లు మొదలగు రాచకార్యములలో మునిగియున్న తమ అమూల్య కాలమును నా వంటి అల్పుని వెన్నుపూస నిమిత్తం హరించుచున్నందుకు రెండు చెవులు పట్టుకొని గుంజిళ్ళు తీయవలసినదే. అయితే ఎడమ చెవి విద్యాభ్యాసంలో వాచియున్నది. మోకాళ్ళు వంగుట మానివేసినవి. కావున క్షమాపణ పూర్తిగా కోరుకొనుచు గుంజిళ్ళు మాత్రం వాయిదా వేయుచున్నాను. నిజమునకు నాకు పశ్చాత్తాపం ఏమియు లేదు. అర్జీ అన్నది ఇట్లే మొదలుపెట్టవలెనని కచ్చేరీ అరుగు మీది రైటరు చెప్పగా వ్రాసితిని.

1. నేను కుస్తీ వైపు తిరుగుటకు కారణం ఒక మేక. పిడుగురాళ్ల నుండి వచ్చు, బొగ్గుతో నడచు బస్సులో ఒక మేకల బేరగాడు నా సీటులో తన మేకను కూర్చుండబెట్టెను. నేను అభ్యంతరం తెలిపితిని. అతడు తల తిప్పి నన్ను చూచెను. వెంటనే నేను మేకకు చోటు చాలినదా అని అడిగి, గురజాల దాకా నిలబడి వచ్చితిని. ఈ సంగతి నాకంటె ముందే ఇల్లు చేరెను. మా అమ్మ బియ్యం ఏరుచు, తల ఎత్తకుండ, "ఒరేయ్ యోబూ, నీకు డిగ్రీ ఇచ్చినోళ్ళు ఎన్నుపూస ఇయ్యడం మర్చిపోయారేందిరా? పోయి అడిగి తెచ్చుకో" అనెను. ఆ ఎన్నుపూస కొరకే నా అన్వేషణ.

2. కాలేజీలో తర్కశాస్త్రం చదివినవాడనగుట వలన, కనబడిన గోతిలో దూకక, ముందు విద్యాలయములను పరీక్షింప నిశ్చయించితిని. మొదటిది పత్తి గోదాముల వెనుక పీర్ సాహెబు గారి తాలింఖానా. బోర్డు లేదు. తాటాకు పందిరి, దాని కింద ఎర్రమట్టి గోదా, ఒక మూల నెలవంక గుడ్డ కట్టిన జెండా కర్ర. ఉస్తాదు గారు గడ్డమునకు గోరింటాకు పెట్టుకొని ఆరబెట్టుకొనుచుండిరి. వారు యౌవనంలో హైదరాబాదు పహిల్వానొకనిని ఎత్తి పడవేసిరట. ఆ పహిల్వాను, చెప్పినప్పుడల్లా కొంత బరువు పెరుగుచుండును. ఇప్పటికి దున్నపోతంత అయినాడు.

"ఎన్నాళ్ళలో నేర్పుతారు ఉస్తాద్?" అని అడిగితిని.

"ఎవరికి?"

"నాకే."

వారు నన్ను కిందినుండి మీదికి చూచిరి. చూచుటకు ఎక్కువ లేదు గనుక త్వరగా ముగిసెను. "యా అల్లా" అని నిట్టూర్చి నా చేతికి పార ఇచ్చిరి.

"ఇదెందుకు?"

"గోదా తవ్వు, బీయే సాబ్. మన్ను మెత్తగా తవ్వుకో. పడేది నువ్వే గందా."

నాటినుండి నేను తవ్వుచున్నాను. మట్టిలో మజ్జిగ, నువ్వుల నూనె, పసుపు కలిపి కాలితో తొక్కుచున్నాను. నేను బలమునకని తెచ్చుకొన్న బాదం పప్పులు సగం ఉస్తాదు గారు తినివేయుచు, "నీకు ఇంత ఎందుకు, అరగదు" అనుచున్నారు. ఒక్క పట్టు నేర్పలేదు. ఇది విద్యాలయమా లేక ఉచిత కూలీల డిపోయా అన్న సందేహం ఎవనికి కలుగదు?

3. రెండవది బస్సులు ఆగు చోట వెలసిన "ది గ్రేట్ ఓరియంటల్ వ్యాయామ కళాశాల". దీనికి నిలువెత్తు బోర్డు కలదు. ప్రిన్సిపాలు ప్రొఫెసర్ యల్లమంద గారు ఈపూరు వాస్తవ్యులు. రంగూనులో ఒక జపానువాని వద్ద జుజుత్సు నేర్చితిమని, యుద్ధం వచ్చుట చేత గురువును ప్రాణాలతోనే వదిలిపెట్టి వచ్చితిమని వారి వాక్కు. కోటు మీద పతకములు, గోడ మీద పులి పక్కన నిలుచున్న ఫొటో. పులి చాలా ఓపికగా నిలుచున్నది. బోధన అంతయు నల్లబల్ల మీదనే. సుద్దతో మనిషి బొమ్మ వేసి, బెత్తముతో నరములు చూపుదురు.

"మెడలో ఒక నరమున్నది, మిస్టర్ యోబు. చూపుడు వేలితో నొక్కితే చాలును, ఏనుగైనా కూలబడును."

"ఎవరి మెడలో సార్?"

"ఎవరి మెడలోనైనా."

"ఓసారి మీ మెడలో చూపిస్తారా?"

"మొదటి పాఠం క్రమశిక్షణ," అని ప్రొఫెసరు గారు బెత్తముతో బల్లను కొట్టిరి.

తాము ఎవరినీ తాకరట. తాకిన ప్రాణం పోవునట. వారం రోజులలో ఎవరినైనను వీరునిగా చేయుదురట. బోర్డు, కోటు, పతకములు, ఇంగ్లీషు, ఇన్ని సాక్ష్యములు ఒకవైపు, పార ఒకవైపు. తర్కశాస్త్రం ప్రకారం నా మనస్సు పూర్తిగా ప్రొఫెసరు గారి వైపే మొగ్గినది. కాని జీతం ముందే చెల్లించవలెననుట చేతను, మా అమ్మ పెట్టె తాళం కొంగున కట్టుకొని తిరుగుట చేతను, పారతోనే మిగిలితిని.

4. ఇక అసలు విపత్తు. తమరు ఈ తాలూకాకు కొత్త గనుక ఇక్కడి రివాజు ఒకటి మనవి చేయవలెను. దర్గా గంధం ఉత్సవం దగ్గరపడగానే, సవాలు చేయదలచిన వస్తాదు వచ్చి, ఎదుటి తాలింఖానా వాకిట ఎర్రగుడ్డతో ఒక నిమ్మకాయ కట్టిపోవును. దానిని ఎవడు తెంపునో వాడే గోదాలో దిగి జవాబు చెప్పవలెను. ఓడినను పరువు నష్టం లేదు. తెంపి దిగకపోయిననే నష్టం. అట్టి తాలింఖానా గంధం ముందర జెండా పట్టుకొని నడువరాదు. జెండా దిగిన తాలింఖానాకు ఆ మీదట పిల్లలను పంపువారుండరు, తలుపు మూయుటే. ఇది ఊరిలో పాలు తాగు పిల్లలకు సైతం తెలియును. నాకు తెలియదు. మేము క్రైస్తవులం, పైగా నా బుద్ధి తెలియు వయస్సంతయు గుంటూరు హాస్టలులో సాంబారు తాగుచు గడిచినది.

గడచిన వారం నడినెత్తిన ఎండలో గోదా తవ్వి, నాలుక అట్ట కట్టి, ఎదుటనున్న హబీబు సోడా కొట్టుకు పోయితిని.

"హబీబ్ భాయ్, నిమ్మకాయ సోడా."

"నిమ్మకాయల్లేవు తమ్ముడూ. ఉత్త సోడానే. గ్యాసు మస్తుగా ఉంది."

"అదుగో, మా వాకిట్లో ఒకటి ఏలాడతా ఉందిగా. దిష్టికి కట్టింటారు, రేపు ఇంకోటి కట్టుకుంటార్లే," అని చరచరా పోయి, తెంపి, తెచ్చి అతని చేతికిచ్చితిని.

హబీబు ఆ కాయను చూచెను, నన్ను చూచెను. "తమ్ముడూ... పిండమంటావా?"

"ఉప్పు కూడా ఎయ్యి," అంటిని.

వీధిలో రిక్షా బండి ఆగినది. మంగలి క్షౌరం మధ్యలో కత్తి పట్టుకొని బయటికి వచ్చెను. నేను తాగి త్రేన్చితిని. ఆ త్రేన్పుతో సహా సవాలు అంగీకరింపబడినట్లు పది మంది పెద్దలు అక్కడికక్కడే నిర్ణయించిరి. పీర్ సాహెబు గారు బయటికి వచ్చి, ఖాళీ వాకిలిని చూచి, నా మూతిని చూచి, కూలబడిరి. వారి పాత శిష్యులు పటాలములో చేరి ఇంకను తిరిగి రాలేదు. వారు స్వయంగా దిగుదమన్నను కాయ తెంపినవాడే దిగవలెనని రివాజు.

5. కాయ కట్టిన మౌలాలీ మర్నాడు నన్ను చూడవచ్చెను. సున్నపు బట్టీలో రాళ్ళు మోయు మనిషి. ద్వారబంధమునకు తల తగులకుండ వంగి మా ఇంటిలోనికి వచ్చి, మా అమ్మకు సలాము చేసి, పీట మీద కూర్చుండెను. పీట కిర్రుమని ఒక మాట అనెను. మౌలాలీ తిట్టునేమో, ఒక దెబ్బ వేయునేమో అని చూచితిని. అదేమియు లేదు. నా భుజం రెండు వేళ్ళతో పట్టి చూచి, నిజముగా కళ్ళు చెమ్మగిల్లి, "తమ్ముడూ, తింటున్నావా? కాస్త మాంసం తినమ్మా. టీచరమ్మా, ఈయనకి మాంసం పెట్టండి" అని చెప్పి పోయెను. శత్రువు జాలిపడుట కంటె పెద్ద బెదిరింపు భారత శిక్షాస్మృతిలో ఏ సెక్షను కిందికి వచ్చునో తమరే చూడవలెను.

"ఆ పిల్లోడు చానా మంచోడు," అని మా అమ్మ ఇప్పటికిని అనుచున్నది.

6. ఆ సాయంత్రమే అమ్మ కొంగునుండి తాళం తెలియకుండ విప్పి, జీతం ముందే చెల్లించి, వ్యాయామ కళాశాలలో చేరితిని. ప్రొఫెసరు గారు మెడ నరం మీద మంచి పాఠం చెప్పిరి. నేను నోట్సు వ్రాసుకొంటిని. చివర, "ప్రత్యర్థి ఎవరు?" అని అడిగిరి. చెప్పితిని. సుద్దముక్క బల్ల మీదనే విరిగెను. మర్నాడు కళాశాలకు తాళం. పక్క కాఫీ హోటలు వారు, ఈపూరులో మేనత్తకు జబ్బుగా ఉన్నదని పోయినారని చెప్పిరి. బోర్డును కూడ జబ్బు మేనత్తకు చూపుటకు తీసుకొనిపోయినట్లున్నది, కనబడలేదు.

7. గత్యంతరం లేక తిరిగి పార వద్దకే వచ్చితిని. ఉస్తాదు గారు తిట్టిరి. అందులో ఉర్దూ భాగం నాకు అర్థం కాలేదు గాని తెలుగు భాగమే చాలినది. తరువాత అడిగితిని:

"ఉస్తాద్, నిజం చెప్పండి. గెలుస్తానా?"

"గెలవడమేందిరా! ఎట్టా పడినా ఓడతావు."

"ఒక్క పట్టన్నా నేర్పండి."

"పట్టు నేర్చుకోడానికి నీకు ఏళ్ళు కావాలి. ఆదివారం లోపల నేర్పగలిగింది ఒకటే. పడటం. గడ్డం ఛాతీకి ఆనించు. ఊపిరి బిగబట్టకు. చెయ్యి కింద పెట్టకు, ఇరుగుద్ది."

అప్పటినుండి పొద్దున్న, సాయంత్రం పడుచున్నాను. వెల్లకిల, పక్కకు, ముందుకు, అన్ని దిక్కులకు పడినాను. వారు ఎత్తుట, వేయుట, "మళ్ళీ" అనుట. వేసిన ప్రతిసారియు ఒక అరచేయి నా తల కింద ఉండును. అది మొదట అడ్డమనుకొంటిని. నన్ను పడవేయు మనిషి చేయి నా తల కింద ఎందుకున్నదో బి.ఏ. చదివిన బుర్రకు ఎక్కుటకు చాలా సమయం పట్టినది.

8. ఈ కుస్తీని ఆపించుటకు మార్గమేమని తమ కచ్చేరీలో విచారించితిని. హెడ్డు గుమాస్తా గారు, "తాలింఖానా ఉస్తాదు, తన వద్ద గోదాలో దిగు మనిషి లేడని ఒక వాంగ్మూలం మీద వేలిముద్ర వేయవలెను. అప్పుడు ఆపవచ్చును" అని సెలవిచ్చిరి. ఆ వాంగ్మూలం చక్కని దస్తూరీతో నేనే తయారు చేసితిని. రేపు ముద్ర వేయించి ఈ అర్జీకి జత చేయుదును.

కావున ఏలినవారు దయతో,

(అ) ఆదివారం కుస్తీ నిలుపు చేయవలెను;

(ఆ) అట్లు వీలుకానిచో, కనీసం మౌలాలీని ఆ సాయంత్రం ఏదైన సర్కారు పని మీద మాచర్ల పంపవలెను;

(ఇ) నమ్మదగిన తాలింఖానా ఏదో పరిశీలించి, మీదట నా వంటి చదువుకొన్న మూఢులు మోసపోకుండ, దానికి సర్కారు ముద్ర వేయించవలెను.

ఇందలి తప్పులు క్షమించి, ఒప్పులేమైన దొరికిన చిత్తగించవలెను.

ఆదివారం సాయంత్రం వరకు నిలువుగా ఉండు
తమ విధేయుడు,
జి. యోబు, బి.ఏ.

మళ్ళీ మనవి, శుక్రవారం:

అయ్యా, పైది నిన్న రాసింది. ఇవాళ పొద్దున హెడ్డు గుమాస్తా గారి దగ్గర వేలిముద్రల సిరా దిండు అరువు తీసుకొని తాలింఖానాకు పోయాను. ఉస్తాదు గోదాలో మజ్జిగ చల్లుతున్నాడు. వాంగ్మూలం చదివి వినిపించాను. కోప్పడతాడనుకొన్నాను. చెయ్యి లుంగీకి తుడుచుకొని బొటనవేలు చాపాడు.

"జెండా పోద్ది ఉస్తాద్," అన్నాను.

"జెండా కర్రది బేటా. పోతే పోద్ది. ఎముకలు మీ అమ్మవి. ఏదన్నా ఇరిగితే ఆ టీచరమ్మకి నేనేం మొహం చూపిచ్చాలి? తే. యాడ ఎయ్యాలి?"

ఆ మాటలంటున్నంతసేపూ ఆయన జెండా వంక చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడంటే మెడ నరాలు పైకి తేలినాయి.

కాబట్టి (అ), (ఆ) ప్రార్థనలు కొట్టివెయ్యండి. ఆదివారం నేను దిగుతున్నాను. పడటం వచ్చు. (ఇ) గురించి సర్కారువారికి శ్రమ అక్కర్లేదు, తేలిపోయింది. తమరు దయచేస్తే పందిరి కింద కుర్చీ వేయిస్తాము. ఆలస్యంగా మాత్రం రావద్దు, నా వంతు తొందరగా అయిపోవచ్చు.

ఈ అర్జీ అంతటా అన్వేషించితిని, పరీక్షించితిని, నిశ్చయించితిని అని రాసుకొన్నాను. అవేవీ నేను చెయ్యలేదు. వాటంతటవే జరిగినాయి, నేను కింద ఉన్నాను. నేను నిజంగా చేసింది ఒక్కటే. ఉస్తాదు వేలు చాపి నిలబడి ఉండగా, దిండు మూత తీసి, వేలితో నొక్కి చూసి, "సిరా ఎండిపోయింది ఉస్తాద్, సర్కారు సామాను ఇంతే" అని చెప్పి, మూసి జేబులో పెట్టుకొన్నాను.

అది అబద్ధం. తమ కచ్చేరీ సిరా మహా చక్కనిది. ఈ కాగితం నిండా కనపడుతున్న నీలి మరకలన్నీ నా బొటనవేలివే.