పనిముట్టు తిండి కాదు

చెల్లాయికి ఆశీస్సులు.

నా బీపీకి కారణం దొరికింది. మా బస్టాండుకు కొత్తగా వచ్చిన మేనేజరు! పదిహేనేళ్ళుగా మైకులో బస్సులు పిలుస్తున్నవాణ్ణి, ఒక్కసారి కళ్ళు తిరిగి కూలబడ్డానని మూడు నెలలు గడువిచ్చాడు. ఈలోగా బీపీ దిగకపోతే మైకు తీసేసి సామాన్ల గదిలో కూర్చోబెడతాడట. మూడు రకాల మాత్రలు మింగుతున్నా దిగడంలేదు. నర్సువి కదా, మేనేజరును మార్చమని చీటీ రాసివ్వు.

మైకు అన్నయ్య

తా.క. గొంతుకు మంచిదని ఎప్పటిలాగే పొట్లం పంపాను.

*

అన్నయ్యకు నమస్కారాలు.

మేనేజరుకు మందు లేదు. మూడు మాత్రలకూ లొంగలేదంటే అసలు కారణం వేరే ఉండొచ్చు. కిడ్నీలూ గ్రంథులూ చూపించుకో. నొప్పుల మాత్రలేమైనా వాడుతున్నావా? వారంపాటు నోట్లోకి పోయేదంతా రాసి పంపు.

చెల్లి

తా.క. గురక ఉన్నా బీపీ పెరుగుతుంది. ఆ సంగతి వదిననడిగి రాయి. నీ మాట నమ్మను.

*

చెల్లాయికి,

నీ ఉత్తరం ఇంట్లో నిప్పు పెట్టింది. తన వంట మీద నేరం మోపావనుకుంది మీ వదిన. మూడు రోజులుగా ఉప్పు లేని కూర, మాటలు లేని భోజనం. బీపీ మాత్రం అక్కడే ఉంది. నొప్పుల మాత్రలు ముట్టను. గురక లేదట, ఉంటే ఇన్నేళ్ళు ఊరుకునేదా? కిడ్నీలు బాగున్నాయి. రక్తంలో పొటాషియం తక్కువట, కాళ్ళు పీకేది అందుకేనట. పట్టికలో ఒక్క మెతుకు దాచలేదు. ఇక మిగిలింది మేనేజరే.

అన్నయ్య

తా.క. అతిమధురం పుల్లలు రాయలేదు. రోజుకు పది నములుతాను, గొంతు పెగలాలిగా. అది తిండి కాదు, పనిముట్టు. వడ్రంగి మేకులు నోట్లో పెట్టుకుంటే భోంచేసినట్టా?

*

అన్నయ్యా!

నమస్కారం తర్వాత. ముందు ఆ పుల్ల ఉమ్మెయ్! అతిమధురం అతి అయితే పొటాషియం పడిపోతుంది, బీపీ ఎక్కుతుంది. ఈ ఉత్తరం డాక్టరుకు చూపించు. ఆయన చెప్పేదాకా మాత్రలు ఆపకు. నీకేమన్నా అయితే నేనెవరితో పోట్లాడను?

చెల్లి

తా.క. వదినకు క్షమాపణ చెప్పు. మైకులో కాదు, ఇంట్లో.

*

చెల్లాయికి విజయాశీస్సులు.

దిగింది! మైకు నాదే. డాక్టరు రెండు మాత్రలు తీసేశారు. గొంతు వేడినీళ్ళతోనే పలుకుతోంది. మేనేజరు మంచివాడేనని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. మీ వదిన మళ్ళీ తిడుతోంది, ప్రాణం లేచొచ్చింది.

అన్నయ్య

తా.క. నీకు నెలనెలా పంపిన అతిమధురం పొట్లాలేం చేశావు? భయమేస్తోంది.

*

అన్నయ్యకు, బాకీపడ్డ నమస్కారాలు.

నేను నమల్లేదు. దగ్గుకు మంచిదని రెండేళ్ళుగా మా అత్తగారికి పూటపూటా నా చేత్తోనే ఇచ్చాను. ఆవిడ బీపీకి కోడలి నోరే కారణమని చుట్టాలంతా తేల్చేశారు. నువ్వు పుల్లల మాట రాసిన రోజే ఆపించి, డాక్టరుకు చూపించాను. నెల తిరక్కుండా దిగింది. ఊరందరి కారణాలూ వెతికే నర్సును, నా ఇంట్లోది చూసుకోలేదని ఏడ్చేశాను.

చెల్లి

తా.క. కారణం ఆవిడకింకా చెప్పలేదు. కోడలి నోరు మంచిదయిందని చుట్టాలంతా మెచ్చుకుంటున్నారు. ఆదివారం చెప్పేస్తాను. అప్పటిదాకా ఆ మెప్పు నన్ను విననీ!