పసిపిల్ల నెత్తిన ఏసీ జాలీ

తార్నాక,
బుధవారం

కాశమ్మక్కకు, నీకు ఫోన్‌లో సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. భయపడకు, పిల్ల బాగుంది.

నిన్న యూనివర్సిటీలో మన పద్మశ్రీ పీహెచ్‌డీ ఆఖరి పరీక్ష, సార్లు అడిగితే నోటితో జవాబులు చెప్పేది. నెల నిండని దాని పిల్లను ఎత్తుకుని నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. బయట వడగాలి. లోపల సరిగ్గా మా నెత్తి మీదే కప్పులోని జాలీ నుంచి ఏసీ గాలి. పిల్లకు గాలి తగలనియ్యొద్దన్న నీ మాట గుర్తొచ్చి, పద్మశ్రీ స్నేహితురాలు నిరోషతో జాలీలో తువ్వాలు కుక్కించాను. అంతే, ముందున్న జాలీ గాలి రెట్టింపై పద్మశ్రీ మీద పడింది. పచ్చి బాలింత వణుక్కుంటూ జవాబులు చెబుతుంటే, ఆ జాలీ కూడా మూయమన్నాను.

“ఒకటి మూస్తే గాలంతా ఇంకోదాంట్లకెల్లి వస్తది ఆంటీ. ముయ్యొద్దు, మలపాలె” అంటూ నిరోష సార్ల ముందే కుర్చీ ఎక్కి, తువ్వాలు తీసేసి, రెండు జాలీల రేకులూ గోడవైపు తిప్పింది.

పద్మశ్రీ పాసైంది. రాగానే పిల్ల పాదాలు పట్టి చూసింది. అవి వెచ్చగానే ఉన్నాయి, పద్మశ్రీ చేతులే మంచుగడ్డలు. పొద్దున్నుంచి తుమ్ముతోంది. అల్లుడికి చెప్పలేదు. శొంఠి, వాము ఎవరితోనైనా పంపు. బావ మోకాలు ఎట్లుంది? ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

పిల్లకు అల్లుతున్న ఉన్ని టోపీ పక్కన పెట్టక్కా. ముందు దాని తల్లికి అల్లు.

నీ చెల్లె,
సుగుణ