రెండు గీతలు వచ్చిన విషయమై

వత్సవాయి,
12-11-2008.

డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇంట్లో మూత్రం పరీక్షించు కిట్ పెట్టె మీద తెలుగులో వ్రాయించుట, మరియు నా భర్త పేరిట తమ ముద్రతో ఒక కాగితం ఇప్పించుట గురించి.

ఈ మండలంలో పదహారేళ్లుగా ఏఎన్ఎం ఉద్యోగం చేయుచున్న కృపావతి మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా భర్త ఏసురత్నం లారీ డ్రైవరు. నిద్ర ఆపుకొనుటకు డ్రైవర్లు మింగు ఉత్సాహపు బిళ్లలకు వారు కూడా అలవాటు పడినట్లు జూన్‌లో అనుమానం కలిగినది. అన్నం ముట్టరు. పళ్లు నూరుతారు. ఊరికే కోపం, గుండె దడ. బీపీ నేనే చూశాను, 170/110.

2. జగ్గయ్యపేటలో దొరకక విజయవాడ నుంచి, మూత్రంలో ఆ బిళ్లల జాడ పట్టు సదరు కిట్ తెప్పించాను. వారానికొక స్ట్రిప్పు చొప్పున చూడగా ప్రతిసారీ ఒక్క గీతే వచ్చినది. ఎందరికో గర్భం పరీక్ష చేసినదానను. ఒక గీతంటే లేనట్టు, రెండు గీతలంటే ఉన్నట్టు. కనుక "మీ ఒంట్లో ఏం లేదండీ" అని సంతోషపడి కోడికూర వండాను. ఆయన నా మొహం వంక వింతగా చూసి కంచం ముందు కూర్చున్నారు.

3. సెప్టెంబరులో వరసగా మూడు వారాలు రెండు గీతలు వచ్చినవి. ఇంట్లోకి రావద్దన్నాను. అప్పుడు వారన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు: "వేసుకున్నన్నాళ్లూ ఏం లేదన్నావు కృపా. అంత నమ్మి కూర వండి పెడుతుంటే సిగ్గేసి మానేసా. ఇప్పుడు ఉందంటున్నావు. నీ గీతలకో దణ్ణం." నందిగామలో వాళ్లక్క ఆరోగ్యమ్మ గారింటికి వెళ్లిపోయారు.

4. ఒక స్ట్రిప్పు మిగిలింది. పారేయబుద్ధి కాక నాకే పరీక్ష చేసుకున్నాను. రెండు గీతలు! టీ తప్ప ఏమీ ఎరగనిదాన్ని. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని లోపలి ఇంగ్లీషు కాగితం చదివాను. ఈ పరీక్షలో ఒక గీతే వస్తే ఒంట్లో ఆ బిళ్లల జాడ ఉన్నట్టట, రెండొస్తే లేనట్టట. ముందే చదవవలసింది. నాకు తెలుసులే అనుకున్నాను.

5. వెంటనే నందిగామ వెళ్లి, "పెట్టె మీద తెలుగులో రాయకపోతే నేనేం చేసేదండీ" అన్నాను. "అయితే ఆ పెట్టెతోనే కాపురం చెయ్యి" అని లారీ ఎక్కారు. నిన్న ఆరోగ్యమ్మ వదిన ఫోన్ చేసింది. "మళ్లీ అన్నం ముట్టట్లేదే. మళ్లీ పళ్లు నూరుతున్నాడు." బీపీ ఎంతుందో తెలియదు. చూసేవాళ్లు లేరు.

కాబట్టి గీతల అర్థం పెట్టె మీద తెలుగులో అచ్చు వేయించవలెననియు, సెప్టెంబరు మాసమున ఏసురత్నం చెప్పినది నిజమేనని ఒక కాగితం వ్రాసి ముద్ర వేయవలెననియు ప్రార్థన. నా నోటిమాట అక్కడ చెల్లుట లేదు. అలసిపోయినదాని మనవిగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కృపావతి

తా.క. పెట్టె సంగతి ఎప్పటికయినా ఫర్వాలేదండి, కాగితం మాత్రం ఈ వారంలో పంపండి. ఆ రోజు నందిగామలో అంతసేపు పెట్టె గురించే మాట్లాడాను గానీ, "నాదే తప్పు" అని మాత్రం అనలేదు. నోరు రాలేదు. ఆ ఒక్క ముక్కా తమరే అందులో రాయండి. ముద్ర దాని మీదే కొట్టండి.