నీ చీరలో మనవరాలు

శాంతమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన రేణుకకు ఆడపిల్ల పుట్టి మూడు రోజులు. ఇద్దరూ బీదర్ ఆస్పత్రిలో బాగున్నారు.

తొమ్మిదో నెలలో పరీక్ష చేసి, రేణుక ఒంట్లో ఏదో బ్యాక్టీరియా ఉందన్నారు. తల్లికి బాధేమీ ఉండదట, కాన్పప్పుడు బిడ్డకు సోకితే ప్రాణం మీదికి రావచ్చట. అందుకే నొప్పులు మొదలవగానే సెలైన్‌లో మందు ఎక్కించారు.

“నేనేం తప్పు చేసిన నాయినా?” అని రేణుక ఏడ్చింది.

“తప్పు ఎవరిదీ కాదు. చాలామంది ఆడవాళ్ళలో ఉంటుంది,” అంది డాక్టరమ్మ.

మన మొదటి బాబు పుట్టిన మూడో రోజు జ్వరంతో పోయిన సంగతి ఆమెకు చెప్పాను. అదీ ఇదేనా అంటే, ఇప్పుడు చెప్పలేమంది.

“నిండు నెలల్ల జొన్నకోతకు పోయి గాలి తగిలించుకున్నది, అందుకే పిలగాడు దక్కలే” అని ఆనాడు మా అక్క అందరి ముందు నిన్ను అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎవరింట్లో బిడ్డను తొట్టెలో వేసినా నువ్వు గడప దగ్గరే నిలబడేదానివి.

పసిబిడ్డను అమ్మమ్మ పాత చీరలో చుట్టాలి కదా. నీ నీలం చీర ఉడకబెట్టి, ఎండలో ఆరేసి తీసుకుపోయాను. అక్క అడ్డం వచ్చింది.

“మొదటి బిడ్డ దక్కనిదాని చీర ఎందుకురా? నాది తెచ్చిన.”

“శాంతమ్మదే కావాలె. ఆమె తప్పేం లేకుండె అక్కా.”

“ఇన్నేండ్లకు నోరు వచ్చిందిరా నీకు,” అంటూ అక్కే పాపను నీ చీరలో చుట్టింది.

ఆ ఒక్క మాట నువ్వు వినగలిగినప్పుడే అనాల్సింది, శాంతమ్మా.