చిలక ముర్రుపాలు

ఫిబ్రవరి 2

ఏడో నంబరు మళ్ళీ నీరసంగా ఉంది.

గాజు పలక మీద మగగుర్రం బాద్‌షా రక్తం చుక్క, అందులో నా ఏడో నంబరు యాంటీబాడీ చుక్క. ఊపుతూ కూర్చున్నాను. పోయిన నెల వెంటనే రవ్వ కట్టేది, ఉప్మా రవ్వంత స్పష్టంగా. ఈరోజు ఎదురుచూడాల్సి వచ్చింది. కట్టింది. కట్టింది కదా... కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాను.

ఇన్నేళ్ళు ల్యాబులో పెంచిన కణాల్లో ఇదొక్కటే, కొన్ని గుర్రాల రక్తంలోనే ఉండే ఆ ఒక్క గుర్తుని పట్టి రవ్వ కట్టించింది. అలిసిపోతోందా? లేక నా కళ్ళా?

ఇంట్లో ఆయనకి చెబితే, "నువ్వు పులుసులో ఉప్పు కూడా నాలుగుసార్లు చూస్తావు" అన్నారు.

ఫిబ్రవరి 5

కోరుకొండ వెళ్ళొచ్చాను. సూరిబాబు గారి గుర్రాలకి పెళ్ళిళ్ళ సీజను. బాద్‌షా ఊరేగింపుల్లోనే ఉంటున్నాడు. ఆడగుర్రం చిలక మాత్రం కదల్లేదు. నిండు చూడి.

పోయిన ఈత పిల్ల పాలు తాగిన మర్నాటికి పచ్చబడి చచ్చిపోయింది. వాళ్ళు దిష్టి అన్నారు. నేను రక్తం అన్నాను. పిల్ల తండ్రి బాద్‌షాకి ఉన్న గుర్తు చిలకకి లేదు. అది పిల్లకి వస్తే చిలక ముర్రుపాలే పిల్ల రక్తాన్ని విరిచేస్తాయి. రాకపోతే ఆ పాలే దాని ప్రాణం. పుట్టగానే పిల్ల రక్తం చూసి చెబుతాను, అంతవరకు మూతికి చిక్కం కట్టండి — ఇవీ నేనన్న మాటలు. ఎంత ధైర్యంగా అన్నానో!

"మీరు చెప్పారంటే ఇంకేముందండీ" అన్నారు సూరిబాబు గారు. ఆ నమ్మకమే భయంగా ఉంది.

వాళ్ళమ్మ అచ్చాయమ్మ గారు ఊరుకోలేదు. "ఆవు ఈనినా ముందు దూడ తాగాలి, ఆ తర్వాతే మనకి జున్ను. పుట్టీ పుట్టగానే మూతికి చిక్కమేంటమ్మా? మీ పిల్లకీ ఇలాగే కట్టావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 6

ఏడో నంబరు. మొన్నటిలాగే. మెరుగని రాయబోయి మానేశాను.

ఫిబ్రవరి 9

తెల్లారగానే ఫోను. ఈనింది. ఆడపిల్ల. చిక్కం కట్టారట.

నేను చేరేసరికి పిల్ల వణికే కాళ్ళ మీద నిలబడి తల్లి పొదుగుని మూతితో పొడుస్తోంది. చిక్కం అడ్డం. మళ్ళీ పొడుస్తోంది. చిలక మెడ తిప్పి నా వైపే చూస్తోంది... అలా అనిపించింది.

పిల్ల రక్తం చుక్క, ఏడో నంబరు చుక్క. ఊపాను. ఏమీ కట్టలేదు. నున్నగా, ఎర్రగా.

"మంచిదేనా అండీ?" అన్నారు సూరిబాబు గారు.

మంచిదే. నా మందు, ఆ ఏడో నంబరు, బతికుంటే మంచిదే. చచ్చిపోయి ఉంటే కూడా పలక ఇలాగే నున్నగా ఉంటుంది. తేడా తెలియాలంటే పక్కన బాద్‌షా చుక్క కట్టి చూపించాలి. నేను తెచ్చిన బాద్‌షా రక్తం సీసాలోనే పాడైపోయింది. మిగతా గుర్రాలన్నీ చిలక తోబుట్టువులే, ఒక్కదానికీ ఆ గుర్తు లేదు.

"బాద్‌షా ఎక్కడండీ?" అని అడిగాను. జంగారెడ్డిగూడెంలో పెళ్ళికొడుకుని మోస్తున్నాడట.

పాలనే నేరుగా పిల్ల రక్తంలో కలిపి చూశాను. జిగురు. ఏది పాల జిగురో, ఏది రక్తం కట్టడమో తేలలేదు. పశువుల డాక్టరు గారికి ఫోను చేస్తే, "పరీక్ష మీది కదా మేడమ్, మాట కూడా మీరే చెప్పాలి" అన్నారు. నిజమే.

సీసాతో ఆవుపాలు పట్టారు. ఆకలి తీరుతుంది, రోగాల నుంచి కాపు రాదు. తల్లి ముర్రుపాల్లోని కాపుని పిల్ల పేగు పట్టుకునేది పుట్టిన రోజే. ఆగడమూ ఒక నిర్ణయమేనని తెలిసి కూడా ఆగాను.

పిండిన ముర్రుపాలు అచ్చాయమ్మ గారు కొబ్బరిచెట్టు మొదట్లో పోశారు. "ఎవరూ తొక్కకూడదు" అన్నారు, నాకు వినబడేలా.

మధ్యాహ్నం బాద్‌షా వ్యాను దిగాడు. నుదుటి మీద జరీ పట్టీ, మెడలో వాడిన బంతిపూలు. పట్టీ కూడా విప్పనివ్వకుండా రక్తం తీశాను.

కట్టింది. నిదానంగా, సన్నగా.

పక్కన పిల్లది నున్నగానే ఉంది. కానీ తండ్రి చుక్కే ఇంత నీరసంగా కడితే, పిల్ల చుక్క కట్టకపోవడానికి అర్థమేంటి? గుర్తు లేదనా? ఉన్నా పట్టే బలం నా మందుకి లేదనా?

సూరిబాబు గారు నా నోటి వైపు చూస్తున్నారు. పిల్ల చిక్కంలోంచి గడ్డి వాసన చూస్తోంది.

"విప్పేయండి" అన్నాను.

అది తాగిన చప్పుడు... ఇంటికొచ్చినా వినిపిస్తూనే ఉంది.

ఫిబ్రవరి 10

పొద్దున్నే పరిగెత్తాను. పొగమంచు. పిల్ల లేచే ఉంది, తోక ఊపుతోంది. పెదవి ఎత్తి చూశాను.

చిగుళ్ళు పచ్చగా.

పెదవి అలాగే పట్టుకుని నిలబడ్డాను. అచ్చాయమ్మ గారే అన్నారు: "అలా కొయ్యబారిపోతావేంటమ్మా? పసుపు. నేనే పెట్టాను, బొడ్డుకీ నుదుటికీ. తాగడం చేతకాక తంటాలు పడుతుంటే నోట్లో వేలు పెట్టి చన్ను అందించాను." చేతులు చూపించారు. గోళ్ళ దాకా పసుపు.

తడిగుడ్డ తెమ్మని తుడిచాను. గుడ్డకి పచ్చ. మళ్ళీ తుడిచాను, ఇంకా పచ్చ. ఆ తర్వాత గుడ్డ తెల్లగానే ఉంది. చిగుళ్ళు మాత్రం... గులాబీయా, పాలిపోయిన పసుపా? రెప్ప తిప్పి చూశాను. ఈ మంచులో ఏ రంగూ నిలవడం లేదు. రక్తం తీసి సీసాలో నిలబెట్టాను. పైన తేరే నీరు ఆరోగ్యంగా ఉన్న గుర్రానికైనా పచ్చనే, ఎంత పచ్చనో చూడాలన్నా వెలుతురే కావాలి.

సూరిబాబు గారు చిక్కం పట్టుకుని నిలబడ్డారు. "మళ్ళీ కట్టమంటారా అండీ?"

దాణా బస్తా మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. పిల్ల మళ్ళీ పొదుగు కిందకి దూరింది.

ఎండ రావాలి.