బడి కింద మోత

అమ్మకు నస్రీన్ సలాం. నేను క్షేమం. ఫోన్లో నా గొంతు వింటే కంగారుపడతావని కార్డు రాస్తున్నాను.

పది రోజులుగా ఈ ఊళ్లో నేలలోంచి ఢామ్మని మోతలు వస్తున్నాయి. వెంటనే భూమి వణుకుతోంది. క్వారీ పేలుళ్లు అనుకుందామంటే దగ్గర్లో క్వారీయే లేదు. చూడ్డానికొచ్చిన ఆఫీసర్లు చిన్న ప్రకంపనలే, భయం లేదన్నారు. ఆ మోత ఎందుకో వాళ్లూ చెప్పలేకపోయారు.

సోమవారం నేను లెక్కలు చెబుతుండగా బడి గోడలు కదిలాయి. తేరుకుని చూస్తే ఎదుటి మిరపకాయల కల్లంలో నిలబడి ఉన్నాను. పంతొమ్మిది మంది పిల్లలూ లోపలే ఉన్నారు! పరుగున వెళ్లి అందర్నీ బయటికి తెచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు రాలేదే అంటే, "బయటికి పొమ్మని మీరు చెప్పలేదుగా టీచర్" అంది మూడో తరగతి అఖిల. అమ్మా, నాకు తల కొట్టేసినట్టయింది.

నాన్న దగ్గు తగ్గిందా? సింగరాయకొండ నుంచి ఇటు వచ్చేవాళ్లుంటే ఎండుచేపలు పంపు. బదిలీకి అర్జీ పెట్టుకోనా, ఇక్కడే ఉండనా? నాకేమీ తోచడం లేదు, నువ్వే చెప్పు. ప్రస్తుతానికి నా కుర్చీని గుమ్మం దగ్గర్నుంచి తీసి వెనక గోడకి వేసుకున్నాను. మళ్లీ మోగితే పిల్లలందరి తర్వాతే బయటికి వస్తాను. దువా చెయ్యి.

నీ నస్రీన్